మహమ్మారిలో జనం ఎవరిని చూసి నడుచుకుంటారు: నాయకుణ్ణా, నలుగురినా?

నీలిమేఘం:
కోవిడ్ కాలంలో మాస్కు, దూరం, ఇంటిపట్టున ఉండటం... జనం వీటిని పాటించారా లేదా అన్నది పైవాళ్ల నడవడికను బట్టే తేలిందని నా వాదన. 2020 ఏప్రిల్ 3న అమెరికాలో రోగాల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ అందరినీ గుడ్డ మాస్కు పెట్టుకోమంది. ఆ సంగతి ప్రకటించడానికి వచ్చిన అధ్యక్షుడు ట్రంప్ అదే నోటితో, తాను మాత్రం పెట్టుకోనన్నారు. ఆయన మాస్కుతో జనం ముందుకొచ్చింది జులై 11న. ఈలోగా మాస్కు ఏ పార్టీ మనిషో చెప్పే గుర్తయి కూర్చుంది. బ్రిటన్‌లో ప్రధాని సలహాదారు డొమినిక్ కమింగ్స్ లాక్‌డౌన్‌లో లండన్ నుంచి డర్హమ్‌కి కారులో వెళ్లిన సంగతి మే నెలలో బయటపడింది. దాంతో ఇంగ్లండ్‌లో ప్రభుత్వం మీద నమ్మకం ఒక్కసారిగా పడిపోయినట్టు సర్వేల్లో తేలింది. స్కాట్లండ్, వేల్స్‌లో తమ ప్రభుత్వాల మీద అలా పడలేదు. పైవాళ్లే గీత దాటితే కింద ఎవరాగుతారు?

సూటిమాట:
నేను ఒప్పుకోను. జపాన్ సంగతేమిటి? 2020 ఏప్రిల్‌లో అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు గానీ, బయట తిరిగినవాళ్లకు జరిమానా వేసే అధికారమే ప్రభుత్వానికి లేదు. చేయగలిగింది విజ్ఞప్తే. ప్రధాని అబే ఇంటికి రెండేసి గుడ్డ మాస్కులు పంపిస్తే జనం ఎగతాళి చేశారు. ఆయన మీద అంత గురి లేకపోయినా వీధిలో మాస్కు లేని ముఖం అరుదే. జలుబు చేస్తే మాస్కు పెట్టుకోవడం అక్కడ ఎప్పటినుంచో ఉన్న మర్యాద. నలుగురూ ఏమనుకుంటారో అన్న జంకు ముందు ఏ ఉత్తర్వూ నిలవదు. ట్రంప్ మాట పట్టుకుని మాస్కు మానేసినవాళ్లున్నారు, నిజమే. ఆయన పెట్టుకోకపోయినా పెట్టుకున్నవాళ్లూ కోట్లలో ఉన్నారు కదా, వాళ్లు ఎవరి మాట విన్నట్టు?

గాలిపటం:
మీరిద్దరూ చెరో కొస పట్టుకుని లాగుతున్నారు. తైవాన్‌లో జరిగింది చూడండి. 2020 ఏప్రిల్‌లో అక్కడ మాస్కులకు రేషన్. ఏ రంగు వస్తే అది తీసుకోవాల్సిందే. గులాబీ రంగు మాస్కు పెట్టుకుంటే బడిలో వెక్కిరిస్తారని మగపిల్లలు భయపడుతున్నారన్న సంగతి అధికారుల దాకా వెళ్లింది. ఆ పిల్లలకు వైరస్ గురించి తెలియక కాదు, మాస్కు పనిచేస్తుందని నమ్మకా కాదు. అడ్డు పడింది తోటిపిల్లల నవ్వు, అంతే. ఆరోగ్య మంత్రి చెన్ షిచుంగ్ దానికి ఉత్తర్వేమీ ఇవ్వలేదు. ఆయన, పక్కన కూర్చున్న అధికారులంతా గులాబీ మాస్కులతోనే విలేకరుల సమావేశానికి వచ్చారు. దేశమంతా చూసే సమావేశం అది. మర్నాడు బడిలో ఆ రంగుకు వేరే విలువ వచ్చింది. నాకు ఇందులో కనిపించేదిదే: నాయకుడి మాట నేరుగా మనిషిని కదపదు, పక్కవాడు ఏమంటాడో అన్న మన లెక్కను మారుస్తుంది.

ఆ లెక్క చెడగొట్టడానికి మాత్రం ఒక్క ఫొటో చాలు. 1918 ఫ్లూ రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కు తప్పనిసరి చేశారు, జనంలో చాలామంది పాటించారు కూడా. నవంబరులో ఒక బాక్సింగ్ పోటీలో మేయర్ రాల్ఫ్, ఆ నియమం తెచ్చిన ఆరోగ్యాధికారి హాస్లర్ మాస్కు లేకుండా ఫొటోకు చిక్కారు. మేయర్‌కి 50 డాలర్లు, హాస్లర్‌కి 5 డాలర్లు జరిమానా పడింది. 1919 జనవరిలో మాస్కు నియమం మళ్లీ తెచ్చేసరికి దాన్ని ఎదిరించడానికి ఏకంగా ఒక సంఘమే పుట్టింది. కారణం ఆ ఫొటో ఒక్కటే అనను. విసుగు ఉంది, వ్యాపారాల గోల ఉంది. కానీ ‘మీరు పాటించారా?’ అని అడిగే హక్కు జనానికి ఇచ్చింది వాళ్లే.

తొలకరి:
ఒక మాట. రోజు కూలీ పోతే పూట గడవనివాడు ఇంట్లో కూర్చోలేదంటే అది నాయకుణ్ణి చూసీ కాదు, నలుగురిని చూసీ కాదు. దాన్ని నిర్లక్ష్యం అనకండి.

ఇక నాయకుడంటే టీవీలో కనిపించేవాడేనా? 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు శవాన్ని కడిగి, తాకి సాగనంపే ఆచారం వల్ల రోగం పాకింది. రక్షణ సూట్లలో వచ్చినవాళ్లు శవాల్ని సంచుల్లో పట్టుకుపోతుంటే కుటుంబాలు దాచేశాయి, రహస్యంగా పాతిపెట్టాయి. గినీలోని వోమే గ్రామంలో అవగాహన కల్పించడానికి వెళ్లిన బృందంలో ఎనిమిది మందిని చంపేశారు. ఆ తర్వాత పద్ధతి మారింది. ప్రార్థనకు ఇమామునో పాస్టరునో పిలిచారు, కుటుంబాన్ని దూరం నుంచైనా చూడనిచ్చారు, నీళ్లతో కడగడానికి బదులు తాకకుండా చేసే శుద్ధికి మతపెద్దలు ఒప్పుకున్నారు. జనం శవాల్ని దాచడం అప్పుడు తగ్గింది.

నీలిమేఘం:
ఆ పెద్దల్ని ఎవరో ఒకరు పిలవాలి కదా తొలకరి గారూ? పైవాళ్లు దిగి రాకపోతే ఆ పిలుపు వచ్చేదే కాదు.

సూటిమాట:
పిలవడానికి అన్ని నెలలు ఎందుకు పట్టిందన్నదే నా బాధ. ఆ ఊళ్లలో ఎవరి మాట చెల్లుతుందో మొదటిరోజే అడిగి ఉంటే చెప్పేవాళ్లు.