ఫైబర్ మోడెంకి ఇంట్లో పాత ఫోన్లన్నీ కలపొచ్చా?

రాగి తీగ ల్యాండ్‌లైన్ పోయి మా ఇంటికి ఫైబర్ వచ్చింది. మోడెం వెనక ఫోన్ సాకెట్లో ఒక ఫోన్ పెడితే బాగానే మోగుతోంది. హాల్లో, వంటింట్లో, మేడ మీద అమ్మ గదిలో కూడా పాత ఫోన్లున్నాయి, గోడల్లో వైరింగూ ఉంది. అమ్మకి సెల్‌ఫోన్ అంటే పడదు.

మోడెం నుంచి తీగ తెచ్చి గోడ సాకెట్లో గుచ్చితే అన్నీ మోగుతాయా? బయట డబ్బాలో పాత లైను ఇంకా తగిలించే ఉంది. అందులో 48 వోల్టులు వస్తుంటే మోడెం పాడవుతుంది కాబట్టి ముందు ఆ రెండు తీగలూ విప్పేస్తాను. అది చాలా? ఇన్ని ఫోన్ల గంటలు ఒకేసారి మోగించే సత్తా మోడెంకి ఉంటుందా? పైగా అమ్మ గదిలోది వేలితో తిప్పే డయల్ ఫోను! మోగినా, నంబరు తిప్పితే కాల్ వెళ్తుందా అని అనుమానం. ఇలా కలిపి వాడుతున్నవాళ్లుంటే కాస్త చెప్పండి.