దానియేలు చూసిన రాయి: దేవుని రాజ్యం వచ్చిందా, రావలసి ఉందా?

ప్రశ్న: బబులోను రాజు నెబుకద్నెజరు కలలోని ప్రతిమను పగులగొట్టిన రాయి మహా పర్వతమై భూమినంతా నింపిందని దానియేలు 2వ అధ్యాయం చెబుతోంది. ఆ రాయి సూచించే దేవుని రాజ్యం క్రీస్తు మొదటి రాకడతోనే వచ్చిందా, లేక ఇంకా రావలసి ఉందా? పెద్దలు వివరించగలరు.

జవాబు 1: వందనాలండీ. కాలం సంపూర్ణమైందని, రాజ్యం సమీపించిందని మార్కు 1:15లో ప్రకటించిన యేసే, "నీ రాజ్యము వచ్చుగాక" అని ప్రార్థించడమూ నేర్పారు. కనుక అది ఆరంభమైంది గాని పూర్తి కాలేదని నా అభిప్రాయం.

జవాబు 2: ప్రతిమ భాగాలు ఒకదాని తరువాత ఒకటి వచ్చే రాజ్యాలు. రాయి తగిలింది మొదటిదైన బంగారు తలకు కాదు, చివరివైన ఇనుమూ మట్టీ కలిసిన పాదాలకు; అందుకే అది రెండవ రాకడలో జరుగుతుందని, ప్రకటన 20లోని వెయ్యేళ్ల పాలన దాని తరువాతిదని చాలామంది బోధకులు అంటారు. ప్రాచీన సంఘ బోధకుడైన అగస్టీను మాత్రం ఆ వెయ్యేళ్లను సంఘకాలంగానే, అంటే క్రీస్తు రెండు రాకడల మధ్య కాలంగానే గ్రహించాడు.

జవాబు 3: తేదీల జోలికి మాత్రం పోవద్దండీ. అమెరికాలో విలియం మిల్లరు అనే బోధకుడు దానియేలు 8:14లోని 2300 దినాలను సంవత్సరాలుగా తీసుకొని, క్రీ.పూ. 457 నుంచి లెక్కించాడు; ఆ లెక్క మీదనే ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు కోసం కనిపెట్టుకొని నిరాశపడ్డారు. కాలములను తెలిసికొనుట మీ పని కాదని అపొస్తలుల కార్యములు 1:7 అంతకు ముందే స్పష్టంగా చెప్పింది.