డెబియన్ సర్వర్‌లో ఎగ్జిమ్, పోస్ట్‌ఫిక్స్ రెండూ ఉన్నాయి: ఒక్క మెయిల్ కూడా పోగొట్టుకోకుండా వీటిని తొలగించి, కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. ఈ మధ్యే నా బాధ్యతలోకి వచ్చిన డెబియన్ లినక్స్ సర్వర్ గురించి అడుగుతున్నాను. దీన్ని ఇంతకు ముందు చూసుకున్నవారు పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్‌ను ప్యాకేజీగా కాకుండా సోర్స్ నుంచి కంపైల్ చేసి పెట్టారు. డెబియన్‌తో పాటు మొదట్లో వచ్చిన మరో మెయిల్ సర్వర్, ఎగ్జిమ్ ప్యాకేజీని మాత్రం తీసివేయలేదు. మెయిళ్లు వచ్చే పోర్టు 25 మీద పోస్ట్‌ఫిక్సే ఉంది, బయటి నుంచి వచ్చే మెయిళ్లు మామూలుగానే అందుతున్నాయి. అయితే గత వారం ఆప్ట్‌తో అప్‌గ్రేడ్ చేసిన దగ్గర నుంచి, సర్వర్ లోపలి ప్రోగ్రామ్‌లు పంపే మెయిళ్లు, అంటే క్రాన్ (నిర్ణీత వేళల్లో పనులు నడిపేది) నివేదికలు, వెబ్ ఫారాల నుంచి వెళ్లవలసిన ధ్రువీకరణలు, ఒక్కటి కూడా చేరడం లేదు. పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో వాటి జాడే కనిపించడం లేదు. మెయిల్‌క్యూ కమాండ్ ఇస్తే క్యూ (ఇంకా పంపవలసిన మెయిళ్ల వరుస) ఖాళీగా ఉన్నట్లు చూపుతోంది.

నేను తెలుసుకోదలచినవి రెండు. ఆ మెయిళ్లు ఎక్కడికి వెళ్తున్నాయి? ఈ రెండింటినీ శుభ్రంగా తొలగించి, పోస్ట్‌ఫిక్స్‌ను డెబియన్ ప్యాకేజీగా పెట్టుకోవాలంటే ఏ వరుసలో చేయాలి? సోర్స్ డైరెక్టరీలో మేక్ అన్‌ఇన్‌స్టాల్ ప్రయత్నించాను కానీ అటువంటి టార్గెట్ లేదని వచ్చింది.

సమాధానం 1

ముందుగా ఒక్క పని చేయండి: /యూఎస్ఆర్/ఎస్‌బిన్/సెండ్‌మెయిల్ అనే ఫైలును ఎల్ఎస్ -ఎల్‌తో చూడండి. అది ఎగ్జిమ్4 వైపు చూపే సింబాలిక్ లింక్ (మరో ఫైలును సూచించే గుర్తు) అయి ఉంటుందని నా అంచనా.

కారణం చెబుతాను. 1983లో బర్కిలీ యూనిక్స్‌తో ఎరిక్ ఆల్‌మన్ రాసిన సెండ్‌మెయిల్ వచ్చినప్పటి నుంచి, మెయిల్ పంపదలచిన ప్రతి ప్రోగ్రామూ ఆ పేరుతో ఉన్న ఫైలునే పిలవడానికి అలవాటు పడింది. అందుకే 1995లో వచ్చిన ఎగ్జిమ్, 1998లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ కూడా తమ సొంత పేర్లతో పాటు ఆ పేరుతోనూ ఒక ఫైలును పెడతాయి. మీ సర్వర్‌లో సోర్స్ నుంచి మేక్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు పోస్ట్‌ఫిక్స్ ఆ స్థానాన్ని ఆక్రమించింది. కానీ ఆ సంగతి డెబియన్ ప్యాకేజీల లెక్క చూసే డీపీకేజీకి తెలియదు, దాని లెక్కలో ఆ ఫైలు ఇప్పటికీ ఎగ్జిమ్‌దే. కాబట్టి అప్‌గ్రేడ్‌లో ఎగ్జిమ్ కొత్త వెర్షన్ రాగానే తన లింకును తిరిగి పెట్టుకుంది. బయటి మెయిళ్లు పోర్టు 25 ద్వారా పోస్ట్‌ఫిక్స్‌కు చేరుతున్నాయి, లోపలి మెయిళ్లు మాత్రం ఆ లింకు ద్వారా ఎగ్జిమ్ చేతిలో పడుతున్నాయి.

మెయిల్‌క్యూ కమాండ్‌ను కూడా నమ్మకండి. అదీ ఎగ్జిమ్ పెట్టిన లింకే కాబట్టి మీరు చూసింది ఎగ్జిమ్ క్యూ. పోస్ట్‌ఫిక్స్ క్యూను చూడాలంటే పోస్ట్‌క్యూ -పి అని నేరుగా అడగాలి, ఎందుకంటే ఆ పేరుతో ఎగ్జిమ్‌కు ఏ కమాండూ లేదు. ఎగ్జిమ్ లోకల్ డెలివరీకి మాత్రమే కాన్ఫిగర్ అయి ఉంటే, బయటి చిరునామాలకు మెయిల్ పంపే ఏర్పాటు లేదన్న సందేశంతో ప్రతిదాన్నీ బౌన్స్ చేసి, అంటే తిప్పి పంపి ఉంటుంది. అవన్నీ /వార్/మెయిల్‌లో ఎవరూ తెరవని ఏదో ఒక మెయిల్‌బాక్సులో పేరుకుని ఉంటాయి. తొలగింపు ఆలోచన చేసేలోపు వాటిని వెతకండి. ఎవరెవరికి ధ్రువీకరణలు అందలేదో ఆ బౌన్సుల నుంచే తెలుస్తుంది.

సమాధానం 2

పై సమాధానంలో కారణం స్పష్టంగా ఉంది కనుక నేను తొలగింపు గురించి మాత్రమే రాస్తాను.

పోస్ట్‌ఫిక్స్‌కు మేక్ అన్‌ఇన్‌స్టాల్ లేకపోయినా, తాను ఏయే ఫైళ్లను ఎక్కడ పెట్టిందో అది రాసి ఉంచుకుంటుంది. పోస్ట్‌ఫిక్స్-ఫైల్స్ అనే ఫైలు కోసం చూడండి. వెర్షన్ 3.0 నుంచి అది మెటా_డైరెక్టరీ అనే పరామితి చూపే చోట ఉంటుంది. అందులో ప్రతి వరుసలో ఫైలు పేరు, రకం, యజమాని, గ్రూపు, అనుమతులు కోలన్లతో విడివిడిగా ఉంటాయి. పేర్లు డీమన్_డైరెక్టరీ, కమాండ్_డైరెక్టరీ వంటి పరామితులతో మొదలవుతాయి కాబట్టి వాటి అసలు విలువలను పోస్ట్‌కాన్ఫ్ కమాండ్‌ను అడిగి తెలుసుకోవాలి.

దయచేసి ఆ జాబితాను ఒక స్క్రిప్టుకు ఇచ్చి ఆర్ఎమ్ కమాండ్‌తో గుడ్డిగా తుడిచేయకండి. పోస్ట్‌ఫిక్స్ క్యూ డైరెక్టరీలు, మీ మెయిన్.సీఎఫ్ (పోస్ట్‌ఫిక్స్ ముఖ్య కాన్ఫిగరేషన్ ఫైలు) కూడా ఆ జాబితాలోనే ఉంటాయి. నేను ఒకప్పుడు ఒక పాత సర్వర్‌లో ఇదే తొందరపాటు చేసి, ఇంకా డెలివరీ కాని మెయిళ్లను క్యూతో సహా పోగొట్టాను. అవి ఎవరెవరికి వెళ్లవలసినవో లాగ్‌లో వెతికి, పంపినవారికి ఒక్కొక్కరికీ తెలియజేయవలసి వచ్చింది. అందుకే జాబితాలో రకం ఎఫ్ అని ఉన్న ఫైళ్లనే తీసుకోండి, కాన్ఫిగరేషన్ డైరెక్టరీలోవి పక్కన పెట్టండి, మిగిలిన ప్రతి ఫైలుకూ డీపీకేజీ -ఎస్ (పెద్ద అక్షరం ఎస్) ఇచ్చి అది ఏ ప్యాకేజీకీ చెందదని తేలాకనే తొలగించండి.

ఇంకొక ఉచ్చు మెయిన్.సీఎఫ్‌లోనే ఉంది. సోర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేసినప్పుడు డీమన్_డైరెక్టరీ విలువ అందులో రాయబడుతుంది. సాధారణంగా అది /యూఎస్ఆర్/లిబ్‌ఎగ్జెక్/పోస్ట్‌ఫిక్స్. డెబియన్ ప్యాకేజీ మాత్రం తన డీమన్లను (వెనుక నడిచే ప్రోగ్రామ్‌లను) /యూఎస్ఆర్/లిబ్/పోస్ట్‌ఫిక్స్/ఎస్‌బిన్‌లో పెడుతుంది. పాత మెయిన్.సీఎఫ్‌ను అలాగే ఉంచితే కొత్త పోస్ట్‌ఫిక్స్ పాత డీమన్ల కోసం వెతుకుతుంది. అవి ఇంకా అక్కడే ఉంటే రెండు వెర్షన్లు కలిసి నడుస్తాయి, లేకపోతే అసలు మొదలే కాదు. డీమన్, కమాండ్, డేటా, మెటా, ఎస్‌హెచ్‌లిబ్ డైరెక్టరీల వరుసలు, సెండ్‌మెయిల్_పాత్ వంటి వరుసలు ప్యాకేజీ రాకముందే తీసివేయండి.

/ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్‌లో పోస్ట్‌ఫిక్స్.సర్వీస్ అనే ఫైలు చేతితో రాసి పెట్టి ఉందేమో కూడా చూడండి. అక్కడ ఉన్న యూనిట్ (సర్వీసును ఎలా నడపాలో చెప్పే ఫైలు), ప్యాకేజీతో వచ్చే యూనిట్‌ను మరుగున పడేస్తుంది. అదే గనుక మిగిలిపోతే, అన్నీ సరిగా చేసినా సర్వీసు ఎందుకు మొదలవడం లేదో తెలుసుకోవడానికే ఒక పూట పడుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. లింకు అచ్చంగా ఎగ్జిమ్4 వైపే చూపుతోంది. /వార్/మెయిల్‌లో నలభైకి పైగా బౌన్సులు దొరికాయి, ఆ చిరునామాలను విడిగా రాసిపెట్టుకున్నాను. పోస్ట్‌క్యూ -పి ఇస్తే పోస్ట్‌ఫిక్స్ క్యూలో 17 మెయిళ్లు ఉన్నాయి. అన్నీ ఒకే డొమైన్‌కు వెళ్లవలసినవి, అవతలి సర్వర్ పని చేయడం లేదు. ఇవి వెళ్లేవరకు లేదా గడువు తీరేవరకు నేను ఆగాలా? ముందు ఎగ్జిమ్‌ను తొలగించి తర్వాత పోస్ట్‌ఫిక్స్ పెట్టడమా, లేక పోస్ట్‌ఫిక్స్ పెట్టాక ఎగ్జిమ్‌ను తొలగించడమా?

సమాధానం 3

ఆగనవసరం లేదు. పోస్ట్‌ఫిక్స్ నుంచి ఎగ్జిమ్‌కు గానీ, ఎగ్జిమ్ నుంచి పోస్ట్‌ఫిక్స్‌కు గానీ మారుతున్నట్లయితే క్యూ ఖాళీ అయ్యేవరకు వేచి ఉండవలసిందే, ఎందుకంటే ఒకదాని క్యూ ఫైళ్లను మరొకటి చదవలేదు. మీరు మారుతున్నది పోస్ట్‌ఫిక్స్ నుంచి పోస్ట్‌ఫిక్స్‌కే, పైగా ప్యాకేజీ కూడా /వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్‌నే వాడుతుంది. పాత వెర్షన్‌ను సక్రమంగా ఆపి, క్యూ డైరెక్టరీని తాకకుండా ఉంచితే, కొత్తది మొదలవగానే ఆ 17 మెయిళ్లనూ తన చేతిలోకి తీసుకుంటుంది. ప్యాకేజీ వెర్షన్ మీ పాత వెర్షన్ కన్నా వెనుకటిది కాకుండా మాత్రం చూసుకోండి.

వరుస విషయంలో, ఎగ్జిమ్‌ను విడిగా ముందు తొలగించకండి. డెబియన్‌లో పలు ప్యాకేజీలు మెయిల్-ట్రాన్స్‌పోర్ట్-ఏజెంట్ అనే ఊహా ప్యాకేజీ (ఏ మెయిల్ సర్వరైనా నింపగల స్థానం) మీద ఆధారపడతాయి. ఆ స్థానాన్ని ఖాళీ చేయమంటే ఆప్ట్ వాటినీ తొలగిస్తానంటుంది, లేదా మీరు అడగని మరో మెయిల్ సర్వర్‌ను తెచ్చి పెడుతుంది. ఒకవేళ ఎలాగో ఖాళీ చేసినా, ఆ వ్యవధిలో నడిచే క్రాన్ పనుల అవుట్‌పుట్ పోతుంది. మెయిల్ సర్వర్ లేదు కనుక అవుట్‌పుట్‌ను పారవేస్తున్నానని క్రాన్ లాగ్‌లో ఒక వరుస రాసి ఊరుకుంటుంది. పోస్ట్‌ఫిక్స్‌ను ఇన్‌స్టాల్ చేయమని అడిగితే, ఆ రెండింటికీ పొసగదని ఆప్ట్‌కు తెలుసు కాబట్టి అదే లావాదేవీలో ఎగ్జిమ్ డీమన్‌ను తీసి పోస్ట్‌ఫిక్స్‌ను పెడుతుంది. ముందుగా ఆప్ట్-గెట్ -ఎస్ (చిన్న అక్షరం ఎస్, నిజంగా ఏదీ మార్చదు) ఇచ్చి, ఏవి పోతాయో, ఏవి వస్తాయో చూసుకోండి.

నేనైతే ఇలా చేస్తాను. /ఈటీసీ/పోస్ట్‌ఫిక్స్, /ఈటీసీ/ఎలియాసెస్, టీఎల్ఎస్ కీలు, /వార్/మెయిల్ బ్యాకప్ తీసుకుని, పోస్ట్‌కాన్ఫ్ -ఎన్ అవుట్‌పుట్‌ను ఒక ఫైలులో దాచుకుంటాను. ఫైర్‌వాల్‌లో బయటి నుంచి పోర్టు 25ను మూసివేస్తాను, ఎందుకంటే డెబియన్‌లో డీమన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాగానే దానంతట అదే మొదలవుతుంది, సగం సరిచేసిన కాన్ఫిగరేషన్‌తో అది బయటి మెయిళ్లను తిరస్కరించడం నాకు ఇష్టం లేదు. తలుపు మూసి ఉన్నంతసేపు పంపే సర్వర్లు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. కనీసం 4 నుంచి 5 రోజుల వరకు ప్రయత్నించాలని మెయిల్ ప్రమాణ పత్రమైన ఆర్ఎఫ్‌సీ 5321 చెబుతుంది కాబట్టి రెండు గంటల విరామానికి కంగారు పడనక్కరలేదు. ఆ తర్వాత పాత పోస్ట్‌ఫిక్స్‌ను ఆపి, పైన చెప్పిన శుభ్రం పూర్తి చేసి, ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తూ, కాన్ఫిగరేషన్ రకం అడిగినప్పుడు కాన్ఫిగరేషన్ వద్దు అన్నదాన్ని ఎంచుకుంటాను, అప్పుడు నా మెయిన్.సీఎఫ్ మారకుండా ఉంటుంది.

ఎగ్జిమ్4-బేస్, ఎగ్జిమ్4-కాన్ఫిగ్ అనే ప్యాకేజీలు మిగిలిపోతాయి. వాటిని రిమూవ్ చేస్తే కాన్ఫిగరేషన్ ఫైళ్లు ఉండిపోతాయి, డీపీకేజీ -ఎల్ (చిన్న అక్షరం ఎల్) జాబితాలో ఆర్‌సీ అన్న గుర్తుతో కనిపిస్తాయి. పర్జ్ చేస్తేనే అవీ పోతాయి. పర్జ్ చేసేటప్పుడు క్యూలో మెయిళ్లు మిగిలి ఉంటే, డెలివరీ కాని వాటిని స్పూల్ డైరెక్టరీ నుంచి తొలగించమంటారా అని అడుగుతుంది. /వార్/స్పూల్/ఎగ్జిమ్4/ఇన్‌పుట్‌ను మీ కళ్లతో చూడకుండా దానికి అవునని చెప్పకండి.

సమాధానం 4

ఇదే పని ఇతర సిస్టమ్‌లలో చేసేవారి కోసం క్లుప్తంగా. రెడ్‌హ్యాట్ కుటుంబంలో సెండ్‌మెయిల్, పోస్ట్‌ఫిక్స్ ప్యాకేజీలు రెండూ ఒకేసారి ఉండవచ్చు. సెండ్‌మెయిల్ అన్న పేరు ఎవరిదో ఆల్టర్నేటివ్స్ కమాండ్‌లోని ఎమ్‌టీఏ (మెయిల్ సర్వర్) ఎంట్రీ నిర్ణయిస్తుంది. దాన్ని మార్చినంత మాత్రాన పాత సర్వీసు ఆగదు, సిస్టమ్‌సీటీఎల్‌తో విడిగా ఆపి డిసేబుల్ చేయాలి.

ఫ్రీబీఎస్‌డీలో /యూఎస్ఆర్/ఎస్‌బిన్/సెండ్‌మెయిల్ నిజానికి మెయిల్‌రాపర్ అనే చిన్న ప్రోగ్రామ్. అసలు ఎవరిని పిలవాలో అది మెయిలర్.కాన్ఫ్‌లో చదువుకుంటుంది. /యూఎస్ఆర్/లోకల్/ఈటీసీ/మెయిల్‌లో ఆ ఫైలు ఉంటే మొదట దాన్నే చూస్తుంది. పోస్ట్‌ఫిక్స్ ప్యాకేజీని తొలగించి ఆ ఫైలును మరచిపోతే, లేని ప్రోగ్రామ్‌ను పిలుస్తూ ప్రతి లోకల్ మెయిలూ విఫలమవుతుంది. 2023లో వచ్చిన 14.0 నుంచి అక్కడ డిఫాల్ట్ డ్రాగన్‌ఫ్లై మెయిల్ ఏజెంట్, సెండ్‌మెయిల్ కాదు. పాత గైడ్‌లను చూసి చేసేవారు ఈ తేడాను గమనించాలి.

ప్రశ్న అడిగినవారు

నిన్న రాత్రి పూర్తి చేశాను. చేతితో రాసిన సర్వీసు ఫైలు నిజంగానే ఉంది, ముందే తీసివేశాను. ఒక్కచోట మాత్రం ఆగవలసి వచ్చింది: పాత పోస్ట్‌ఫిక్స్‌ను పీసీఆర్ఈ (అక్షరాల నమూనాలను పోల్చే లైబ్రరీ) మద్దతుతో కంపైల్ చేశారు, హెడర్ తనిఖీల ఫైలు ఆ రకానిదే. డెబియన్‌లో అది వేరే ప్యాకేజీ కావడంతో, మద్దతు లేని డిక్షనరీ రకం అని లాగ్‌లో వచ్చింది. పోస్ట్‌కాన్ఫ్ -ఎమ్ ఇచ్చి చూస్తే జాబితాలో పీసీఆర్ఈ లేదు. పోస్ట్‌ఫిక్స్-పీసీఆర్ఈ ఇన్‌స్టాల్ చేసి, న్యూఎలియాసెస్ ఒకసారి నడిపి, సర్వీసును రీస్టార్ట్ చేశాక లోపం పోయింది.

సెండ్‌మెయిల్ -బీవీతో పరీక్షించి నివేదిక అందాక ఫైర్‌వాల్ తెరిచాను. ఎగ్జిమ్ స్పూల్‌లో మిగిలినవన్నీ ఫ్రోజన్ (పంపే ప్రయత్నం ఆపేసిన) బౌన్సులేనని ఒక్కొక్కటీ చూసి నిర్ధారించుకున్న తర్వాతే పర్జ్ చేశాను. ఈ ఉదయం క్రాన్ నివేదిక చేరింది. ఆ 17 మెయిళ్లలో 16, అవతలి సర్వర్ తిరిగి పని చేయడం మొదలవగానే వెళ్లిపోయాయి. మిగిలిన ఒక్కదానికి గ్రహీత మెయిల్‌బాక్సు నిండిందని సమాధానం వచ్చింది, అది ఇంకా క్యూలో ఉంది. బౌన్సులలో దొరికిన చిరునామాలకు ధ్రువీకరణలను ఈ రోజు మళ్లీ పంపుతున్నాను.