ఓవెన్ లేని ఇంట్లో పిల్లలతో క్రిస్మస్ అలంకరణలు, పిండివంటలు: చెన్నై తేమకు నిలిచేవి ఏవి?

పెరంబూరు అమ్మ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము పెరంబూరులో ఉంటాము. మా అపార్ట్‌మెంటులో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలందరూ ఇంటి భాషలతో నిమిత్తం లేకుండా కలిసే ఆడుకుంటారు. అర్ధ సంవత్సర పరీక్షలు ముగిశాక ఒక సాయంత్రం వాళ్ళందరినీ మా ఇంటికి పిలిచి, క్రిస్మస్‌కు అలంకరణలూ తినుబండారాలూ చేయించాలని అనుకుంటున్నాము. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఐదేళ్ళు. వచ్చే పిల్లలూ ఇంచుమించు ఆ వయసువాళ్ళే.

మా ఇంట్లో ఓవెన్ లేదు. నిరుడు మైదా, ఉప్పు కలిపిన ముద్దతో నక్షత్రాలు చేసి, ఆరబెట్టి, రంగులు వేసి గుమ్మానికి కట్టాము. ముసురు పట్టేసరికి అవి మెత్తబడి, దారం కట్టిన చోట విరిగి ఒక్కొక్కటిగా రాలిపోయాయి. అబ్బాయి చాలా బాధపడ్డాడు. పెద్దలు చేస్తుంటే పిల్లలు చూస్తూ కూర్చునేవి కాకుండా, వాళ్ళ చేతులతోనే చేయగలిగినవీ, ఈ వాతావరణంలో నాలుగు రోజులు నిలిచేవీ చెప్పగలరా?

మైలాపూరు టీచరు

మీ నక్షత్రాలు మెత్తబడటంలో చేసిన చేతుల లోపం ఏమీ లేదండీ, కారణం ఉప్పే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకొని కరగడం మొదలుపెడుతుంది. చెన్నైకి ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా ఉంటాయి కాబట్టి, చలిదేశాల్లో ఏళ్ళ తరబడి దాచుకునే ఆ బొమ్మలు ఇక్కడ వారం నిలవడమే కష్టం.

దానికి బదులు రెండు కప్పుల వంటసోడా, ఒక కప్పు కార్న్‌ఫ్లోర్, ఒకటింబావు కప్పు నీళ్ళు ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉండండి. కాసేపటికి గిన్నె అంచులు విడిచి తెల్లటి ముద్దగా అవుతుంది. ఆ పని పెద్దవాళ్ళదే. తడిబట్ట కప్పి చల్లారనిచ్చి పిల్లలకు ఇస్తే, వాళ్ళే చపాతీకర్రతో అర సెంటీమీటరు మందాన వత్తి, డబ్బా మూతలతో గుండ్రంగా కోసుకుంటారు. దారానికి రంధ్రం మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే స్ట్రాతో చేయించండి, ఆరాక చేస్తే బిళ్ళ పగులుతుంది. ఫ్యాను కింద రెండు వైపులా తిప్పుతూ ఒకటి రెండు రోజులు ఆరబెట్టి, ఆక్రిలిక్ రంగు వేసి, పైన వార్నిష్ పూత పూస్తే తేమను బాగా ఆపుతుంది.

అయితే ఐదేళ్ళ పిల్లవాడికి నేను ముందుగా చెప్పేది, యేసు పుట్టుకను చూపిస్తూ క్రిస్మస్‌కు పెట్టే బొమ్మల పశువుల పాకకు గడ్డి పెంచడం. గోధుమలను ఒక రాత్రి నానబెట్టి, వెడల్పాటి పళ్ళెంలో తడిపిన కొబ్బరిపొట్టు పరిచి, దాని మీద ఒత్తుగా చల్లించండి. రెండు రోజులు తడిబట్ట కప్పి, మొలకలు కనిపించగానే వెలుతురులో పెట్టి, పూటపూటా చేత్తో నీళ్ళు చిలకరించమనండి. నీళ్ళు నిలిస్తే బూజు పడుతుంది, అదొక్కటే జాగ్రత్త. మన పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు మొలిచినట్టే, ఎనిమిది పది రోజుల్లో అరచేయి ఎత్తు పచ్చిక లేస్తుంది. డిసెంబరు 14 ప్రాంతంలో చల్లితే పండుగకు సరిపోతుంది. రాగులు చల్లితే గడ్డి ఇంకా పొట్టిగా, సన్నగా వస్తుంది. చెప్పుల డబ్బాతో పాక కట్టి, దసరా కొలువులోని ఆవులనూ గొర్రెలనూ ఆ గడ్డిలో నిలబెట్టుకోవచ్చు. అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సాధువు 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊరిలో నిజమైన ఎద్దునూ గాడిదనూ నిలిపి ఈ పశువుల పాకను చూపించాడని పని జరుగుతుండగానే చెప్పండి, పిల్లలు చాలా ఇష్టంగా వింటారు.

గుంటూరు ఆడపడుచు

తినేవాటి సంగతి నేను చెబుతాను. మా గుంటూరు వైపు క్రైస్తవుల ఇళ్ళలో క్రిస్మస్ అంటే గులాబి పువ్వులు, కజ్జికాయలు, చెక్కలు, గవ్వలు. వీటిలో గులాబి పువ్వులను పిల్లల పనిలో చేర్చవద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే కాగే నూనెలో అచ్చు వేడిచేసి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టడమే ఆ వంటంతా. పిల్లలకు మిగిలేది దూరంగా నిలబడటం మాత్రమే.

గవ్వలు అలా కాదు, అసలు పనంతా చేతివేళ్ళదే. మీ ఆంగ్లో ఇండియన్ పొరుగువాళ్ళు చేసే కల్‌కల్స్ కూడా దాదాపు ఇవే, వాళ్ళు పిండిలో కొబ్బరిపాలు, గుడ్డు కలుపుతారు. రెండు కప్పుల మైదాలో చిటికెడు ఉప్పు, రెండు పెద్ద చెంచాల వేడి నెయ్యి వేసి బాగా రుద్ది, నీళ్ళతో పూరీపిండి కంటే కొంచెం మెత్తగా కలిపి అరగంట మూతపెట్టండి. ఉసిరికాయలో సగమంత ఉండను గవ్వల చెక్క మీద పెట్టి, బొటనవేలితో నొక్కుతూ ముందుకు తోస్తే అది తనంతట తానే చుట్టుకుంటుంది, వీపు మీద గీతలు పడతాయి. చెక్క లేకపోతే ఫోర్కు వెనకవైపు చాలు. పిండి మరీ మెత్తనైతే గీతలు పడవు, గట్టిదైతే అంచు విచ్చుకుంటుంది. మొదటి నాలుగు వంకరగా వచ్చినా మీరు సరిదిద్దకండి, ఐదో దానికి వేలికి ఆ ఒత్తిడి తెలిసిపోతుంది.

వేయించడం, పాకం పట్టడం మీరే చేయాలి. మధ్యస్థమైన మంట మీద ఎర్రగా వేయించి తీశాక, ఈ ఊరి తేమకు బెల్లం పాకం చేతికి అంటుకుంటుంది కనుక పంచదారే వాడండి. ముప్పావు కప్పు పంచదారను కొద్ది నీళ్ళతో తీగపాకం దాటేదాకా ముదరనిచ్చి, స్టవ్ ఆపి, గవ్వలు వేసి ఆపకుండా కలిపితే పాకం తెల్లని పూతగా గట్టిపడుతుంది.

పొయ్యితో పనిలేని వంటకం కావాలంటే, 200 గ్రాముల మేరీ బిస్కెట్లను పిల్లలతో పొడి కొట్టించి, మూడు చెంచాల కోకో వేసి, కండెన్స్‌డ్ మిల్క్ కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టేంతవరకు కలిపి, కొబ్బరిపొడిలో దొర్లించండి. చేయి తిరగని చిన్నవాళ్ళకు ఇది బాగుంటుంది.

సైదాపేట నుంచి ఒక తండ్రి

మీ అమ్మాయి వయసు పిల్లలకు వెదురు నక్షత్రం చేయించండి. అడుగున్నర పొడవు వెదురు బద్దలు ఐదు తీసుకొని, చేయి ఎత్తకుండా గీసే ఐదు మొనల నక్షత్రం ఆకారంలో పేర్చి, మొనల దగ్గర దారంతో బిగించాలి. అలాంటివి రెండు చేసి, ఒకదానిపై ఒకటి పెట్టి ఐదు మొనలూ కలిపి కట్టి, లోపల బద్దలు ఒకదానినొకటి దాటే ఐదు చోట్లా రెండంగుళాల పుల్లలు నిలబెడితే మధ్యభాగం ఉబ్బుతుంది. బద్దల అంచులను ముందుగా గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే పేళ్ళు గుచ్చుకుంటాయి. గాలిపటాల కాగితం వానకు చిరుగుతుంది కాబట్టి బయట కట్టేదానికి రంగుల గ్లాసు పేపరే (సెల్లోఫేన్) అంటించాలి. మన చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధి కాగితాల దుకాణాల్లో అడగండి. లోపల కొవ్వొత్తి వద్దు, బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ దండ చాలు.

పెరంబూరు అమ్మ

అందరికీ ధన్యవాదాలండీ. గోధుమలు ఈ వారమే చల్లిస్తాను, నక్షత్రం అమ్మాయికి అప్పగిస్తాను. గవ్వలు ముందురోజే చేసిపెట్టుకుంటే మెత్తబడవు కదా?

గుంటూరు ఆడపడుచు

పూర్తిగా చల్లారాక గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పోస్తే కరకరలాడుతూనే ఉంటాయి. వేడిమీద మూతపెడితే మాత్రం ఆవిరికి మెత్తబడతాయి. కానీ అన్నీ ముందే చేసేయకండి, వచ్చిన పిల్లలకు చుట్టడానికి కొంత పిండి ఉంచండి. పాలు, గోధుమ, కొబ్బరి, గుడ్డు పడని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో వాళ్ళ అమ్మానాన్నలను ముందుగానే అడిగి ఉంచుకోండి.