ఇంగ్లండ్ పల్లెల పారిష్ మ్యాగజైన్: ఊరి చరిత్రా, పాదిరిగారి గొంతా?

కాగితాలపిచ్చి:
మేముండేది ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో ఓ పల్లె. చర్చి బీరువాలో 1880ల నుంచి పడి ఉన్న పారిష్ మ్యాగజైన్లు స్కాన్ చేస్తున్నారంటే శనివారాలు నేనూ వెళ్తున్నాను. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఇలాకా, మన కాథలిక్కులు 'విచారణ' అంటారు చూడండి, అది. ఆ చర్చి పాదిరి నెలనెలా ఊరికోసం వేసే చిన్న పత్రిక ఇది. ఇప్పుడు కమిటీవాళ్లు వీటిని ముందేసుకుని ఊరి చరిత్ర పుస్తకం రాద్దామంటున్నారు. నాకు మింగుడుపడటం లేదు. పాదిరి రాసి, పాదిరే దిద్ది, పాదిరే అచ్చేయించింది ఊరి చరిత్ర ఎలా అవుతుంది?

పైగా సగం పేజీలు ఊరివి కూడా కావు. 1859 జనవరిలో డెర్బీ పట్నంలో సెయింట్ మైకేల్ చర్చి పాదిరి జాన్ ఎర్స్‌కిన్ క్లార్క్ 'పారిష్ మ్యాగజైన్' అనే పత్రిక మొదలుపెట్టాడు. కథలు, బొమ్మలు, నీతిబోధలు ఒకేచోట టోకున అచ్చవుతాయి. ఏ ఊరి పాదిరైనా అవి కొనుక్కుని, పైన తన ఊరి కబుర్ల పేజీలు చుట్టి పంచుకోవచ్చు. శుభలేఖల షాపులో రెడీమేడ్ కార్డు కొని లోపల మన పేర్లు వేయించుకుంటామే, అలాగ. తర్వాత 1871లో 'హోమ్ వర్డ్స్', 1905లో 'ది సైన్' అదే పద్ధతిలో వచ్చాయి. ఎన్నో ఊళ్లు ఒకే కథ చదువుతుంటే అందులో మా ఊరెక్కడ?

గోదారిగట్టు:
అన్నా, ఆ టోకు పేజీల్ని తీసిపారేయకండి. 1855లో అక్కడ పత్రికల మీద స్టాంపు పన్ను పోయింది, 1861లో కాగితం సుంకం పోయింది. చవక అచ్చు ఊళ్లమీద పడింది. పెన్నీకో నేరాల కథ, పెన్నీకో దొంగల కథ. అవి కూలివాడి ఇంట్లో దూరేలోగా మనదేదో దూరాలని పాదిరుల ఆరాటం. ఇదే క్లార్క్ 1866లో పిల్లలకి 'చాటర్‌బాక్స్' పత్రిక పెట్టిందీ అందుకే. ఊరివాళ్లు ఏం చదివితే బాగుపడతారని పెద్దలు అనుకున్నారో అంతా అందులో ఉంది. అది మాత్రం చరిత్ర కాదా?

అన్నట్టు ఈ క్లార్క్ పుట్టింది కలకత్తా పక్కన కాశీపూర్‌లో.

నల్లరేగడి:
పెద్దలు ఏమనుకున్నారో తెలుస్తుంది సరే. ఆ కూలివాడు దాన్ని చదివాడో, పొయ్యి రాజేశాడో ఎవరికి తెలుసు?

అసలు లోటు ఇంకొకటి. 1851 మార్చి 30న ఇంగ్లండ్, వేల్స్‌లో ఏ ప్రార్థనా మందిరానికి ఎంతమంది వచ్చారో ప్రభుత్వం లెక్క తీయించింది. హాజరులో దాదాపు సగం ప్రభుత్వ చర్చిది (ఈ పారిష్ మ్యాగజైన్లు వేసే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) కాదు, మెథడిస్టులు, బాప్టిస్టులు వగైరా వేరే సంఘాలది. వాళ్ల గుడిని చాపెల్ అంటారు. పారిష్ మ్యాగజైన్లో ఆ చాపెల్ జనం ఎంతమంది కనిపిస్తారో లెక్కపెట్టి చెప్పండి.

మీ మిడ్‌లాండ్స్ సంగతే చూద్దాం. 1872 ఫిబ్రవరి 7న వార్విక్‌షైర్‌లో వెల్స్‌బోర్న్ అనే ఊళ్లో, చెస్ట్‌నట్ చెట్టు కింద జోసెఫ్ ఆర్చ్ మాట్లాడాడు. వ్యవసాయ కూలీల యూనియన్‌కి అక్కడే పునాది పడింది. ఆర్చ్ ఎవరు? మెథడిస్టు బోధకుడు. ఇటు చూస్తే చాలా ఊళ్లలో పాదిరిని నియమించే హక్కే భూస్వామిది. అలాంటి పాదిరి పత్రికలో కూలి రేట్ల గొడవ కూలివాడి వైపు నుంచి వస్తుందా? కరణం లెక్కలు చూసి పాలేరు జీవితచరిత్ర రాసినట్టుంటుంది.

చలిమంట:
నేను దక్షిణ ఇంగ్లండ్‌లో ఉంటాను. మా ఊళ్లో ఇరవై ఇళ్లకి నెలకోసారి మ్యాగజైన్ పంచేది నేనే, కుక్క ఉన్న ఇల్లు కూడా నా వాటాకే వచ్చింది. నేను చర్చికి వెళ్లను. తీసుకునేవాళ్లలో చాలామంది వెళ్లరు. చేతికివ్వగానే ముందు తిప్పేది వెనక పేజీలేనండీ: ప్లంబరు, పొగగొట్టం దులిపేవాడు, అంత్యక్రియలు చేయించేవాళ్లు. మా దానికి అచ్చు ఖర్చు ముప్పాతిక వంతు ఆ ప్రకటనలే భరిస్తాయి.

మీరంతా పాదిరి పాదిరి అంటున్నారు గానీ, పత్రిక ఆయన చేతిలోంచి ఎప్పుడో జారింది. స్టెన్సిల్ కొట్టి సైక్లోస్టైల్ తీసే రోజులొచ్చాక, టైపింగ్ వచ్చిన వాళ్లే ఎడిటర్లు. మా ఊళ్లో ఒక రిటైర్డ్ టీచరమ్మ చాలా ఏళ్లు నడిపారు. ఆవిడ హయాంలో పాదిరి ఉత్తరం ఆలస్యమైతే ఆ పేజీలో జామ్ తయారీ వేసేశారట! ఇప్పుడు మాదాంట్లో పారిష్ కౌన్సిల్ మీటింగుల సంగతులూ వస్తాయి. పేరు చూసి చర్చిదనుకునేరు, అది 1894 చట్టంతో వచ్చిన మన పంచాయతీ లాంటిది. చర్చి కమిటీ వేరే.

కాగితాలపిచ్చి:
నల్లరేగడి గారన్నదే నా బాధా. కానీ మొన్న ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. 1887, విక్టోరియా రాణి స్వర్ణోత్సవం. ఊరందరికీ భోజనాలకి చందాలిచ్చినవాళ్ల పేర్లు. అక్షరక్రమంలో లేవు, రొక్కం క్రమంలో ఉన్నాయి. పైన భూస్వామి, 5 పౌండ్లు. దిగుతూ దిగుతూ చిట్టచివర "ఒక మిత్రుడు, 3 పెన్నీలు". సరిగ్గా ఆ లైను మీదే పిన్ను తుప్పు పట్టి గోధుమరంగు మరక. గోరుతో లాగబోతే కాగితం కాస్త చిరిగింది, ఎవరికీ చెప్పలేదు.

అదే పేజీ కింద బొగ్గు క్లబ్బు లెక్కలు. వారం వారం కొన్ని పెన్నీలు కడితే చలికాలానికి బొగ్గు, చర్చి పైన కొంత కలుపుతుంది. మధ్యలో మానేసినవాళ్ల సంఖ్య కూడా వేశారు. ఎందుకు మానేశారన్నది లేదు.

నల్లరేగడి:
చూశారా, 5 పౌండ్లకి పేరుంది, 3 పెన్నీలకి లేదు. నా వాదన మీరే అచ్చేసి పెట్టారు.

గోదారిగట్టు:
పేరు లేదని తెలిసింది కూడా ఆ పత్రిక వల్లే కదండీ! బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసే రిజిస్టర్లు 1538 నుంచి ఉన్నాయి. వాటిలో 3 పెన్నీలు ఉండవు, బొగ్గూ ఉండదు. మొదటి ప్రపంచయుద్ధంలో చాలా పారిష్ మ్యాగజైన్లు సైన్యంలో చేరిన ఊరి కుర్రాళ్ల పేర్లు వేశాయి. చాపెల్ కుర్రాడైనా సరే, తూటా అడిగి తగలదు కదా.

మన దగ్గరా ఉంది ఈ బాపతు. 1912లో బిషప్ అయిన అజరయ్యగారి దోర్నకల్ డయోసీస్‌కి, అంటే ఆ బిషప్ ఇలాకాకి, ఒక మ్యాగజైన్ ఉండేది. అక్కడి పల్లె సంఘాల గురించి రాసే పరిశోధకులు దాన్ని తిరగేస్తారు.

నల్లరేగడి:
తిరగేస్తారు, దాన్నొక్కదాన్నే నమ్ముకోరు. తేడా అక్కడుంది. మ్యాగజైన్ వద్దని నేనెక్కడన్నాను? పుస్తకం మీద 'మా ఊరి చరిత్ర' అని వేయొద్దంటున్నాను.

అటకమీదపెట్టె:
మధ్యలో దూరుతున్నా. బొగ్గు తీసుకున్నవాళ్ల పేర్లు నెట్‌లో పెడతారా? 1880లవి సరే. ఈమధ్య దశాబ్దాల సంచికల్లో జబ్బుపడ్డవాళ్ల ప్రార్థన జాబితాలు పేర్లతో ఉంటాయి. 2018లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం వచ్చాక అడక్కుండా వేయడానికే భయపడుతున్నారు. పాతవి స్కాన్ చేసి పెట్టేముందు ఆ ఇళ్లవాళ్లని ఓ మాట అడగండి.

కాగితాలపిచ్చి:
అటకమీదపెట్టె గారూ, మంచి మాట. నాకు తట్టనే లేదు, కమిటీలో పెడతాను.

ప్రకటనల పేజీలు స్కాన్ చేయక్కర్లేదని కమిటీ మొదట్లో అంది. చలిమంట గారి మాట చదివి వినిపించాక ఒప్పుకున్నారు. కొన్ని పాత బైండింగుల్లో అట్టలతో పాటు వాటినీ ఎప్పుడో చించేశారు, అవి ఇక దొరకవు.

మా ఊరి చాపెల్ ఇప్పుడు ఎవరో కొనుక్కుని ఇల్లు చేసుకున్నారు. దాని కాగితాలు మాత్రం కౌంటీ రికార్డు ఆఫీసులో ఉన్నాయట. మంగళవారం సెలవు పెట్టాను. ఈలోగా ఎవరైనా చెప్పండి, తుప్పు పిన్నులు చిరక్కుండా తీసేదెలా?

చలిమంట:
లాగకండి. పిన్ను కింద సన్నటి ప్లాస్టిక్ షీటు ముక్క దూర్చి, వెనకవైపు కాళ్లు మెల్లగా పైకి లేపండి. కంగారు పడకండి, ఒక్కో పిన్నుకీ ఐదు నిమిషాలు పడుతుంది.