ఇంట్లో 300 కొట్టే రోబో బయట టేబుల్ మీద 90 దగ్గర ఆగిపోతోంది, ఏం చెయ్యాలి?

ఫ్రిస్కో_నాన్న:
అందరికీ నమస్తే. మాది ఫ్రిస్కో, టెక్సస్. మా వీధి పిల్లలు అయిదుగురితో ఫస్ట్ లెగో లీగ్ ఛాలెంజ్ (పిల్లలు లెగో రోబో కట్టి, ప్రోగ్రామ్ రాసి, టేబుల్ మీద దానితో పనులు చేయించే పోటీ) టీమ్ పెట్టాం, కోచ్‌ని నేనే, ఎందుకంటే మా గరాజ్ ఖాళీగా ఉంది, అంతకు మించి అర్హత ఏం లేదు (ఉద్యోగం డేటాబేస్ అడ్మిన్). క్వాలిఫయర్‌కి (పై రౌండ్‌కి పంపే మొదటి పోటీ) ఇంకా మూడు వారాలే. ఇంట్లో స్కోర్ 300 దాటుతోంది, మొన్న వేరే టీమ్ వాళ్ళింట్లో ప్రాక్టీస్ మ్యాచ్‌కి తీసుకెళ్తే 90. మొదటి మలుపు దగ్గరే వంకరగా పోయి తర్వాతవన్నీ మిస్. నాలుగో గ్రేడ్ పిల్ల ఏడ్చేసింది.

రెండో తలనొప్పి ఇంకా పెద్దది. ఒక పిల్లాడి నాన్న రాత్రి కూర్చుని ప్రోగ్రామ్ మొత్తం పీఐడీ (దారి తప్పినంత కొలిచి రోబో తనే సరిచేసుకునే లెక్క) పెట్టి మళ్ళీ రాసేశాడు. పొద్దున పిల్లలు చూసి ఇది మాది కాదే అన్నారు. "పాయింట్లు వస్తున్నాయిగా" అంటాడు. ప్రతి వారం ఇంటికొచ్చి బిర్యానీ తినే ఫ్రెండ్, గట్టిగా ఎలా చెప్పను?

నాలుగో_సీజన్:
అన్నా మొదటి మలుపులోనే పోతోందంటే ముందు గైరో (ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్) చూడు. మీది లెగో స్పైక్ ప్రైమ్ కిట్టే కదా? హబ్ (రోబో మెదడు లాంటి డబ్బా) ఆన్ చేసేప్పుడు, రన్ మొదలెట్టేప్పుడు రోబో కదలకూడదు. మా వాళ్ళు చేతిలో పట్టుకుని నడుస్తూ నడుస్తూ బటన్ నొక్కేవాళ్ళు, అది కనిపెట్టడానికి నాకు ఒక సీజన్ పట్టింది, నవ్వకు. టేబుల్ మీద పరిచిన మ్యాట్ మీద పెట్టి, చెయ్యి తీసి, ఒకటి రెండు అని లెక్కపెట్టి అప్పుడు నొక్కమను. గరాజ్ దుమ్ముకి టైర్లు జారతాయి, ప్రతి రన్ ముందు తడిగుడ్డతో తుడవాలి. రోబోని కంటి అంచనాతో పెట్టొద్దు, లెగో ముక్కలతోనే ఒక చట్రం కట్టి దానికి ఆనించి పెడితే రోజూ ఒకే కోణం. దూరం వెళ్ళాక గోడకి వెనక్కి గుద్దించి నిటారుగా చేసుకోవడం కూడా నేర్పు.

ఇంకోటి, గోడ మీద కాగితం అంటించి ప్రతి మిషన్ (రోబో చెయ్యాల్సిన ఒక్కో పని) పది సార్లు నడిపించి, కుదిరినప్పుడల్లా గీత పెట్టించు. పదిలో ఎనిమిది రాకపోతే ఆ మిషన్ వదిలెయ్యండి, ఎంత ఇష్టమైనా సరే. రెండున్నర నిమిషాల్లో అన్నీ చెయ్యాలనుకుంటే ఏదీ అవదు. అధికారిక మ్యాచ్‌లు మూడు, అందులో మంచి స్కోరే లెక్క, కాబట్టి ఒకటి పోతే ఏడవక్కర్లేదని ఆ పిల్లకి ముందే చెప్పు. రోబో బయల్దేరే చోటు దాటాక బయట ఇరుక్కుంటే, చేత్తో తీసినందుకు ఒక ప్రెసిషన్ టోకెన్ (మొదట్లో చేతికిచ్చే ఆరు బిళ్ళల్లో ఒకటి, మిగిలినవాటికి పాయింట్లు) పోతుంది, కానీ ఆరు ఉన్నా అయిదు ఉన్నా 50 పాయింట్లే, మొదటిసారికి భయం అక్కర్లేదు.

జడ్జి_అక్క:
వాలంటీర్ జడ్జిగా కూర్చుంటాను కాబట్టి రెండో సంగతి చెప్తా. మొత్తం మార్కుల్లో టేబుల్ మీద ఆడే రోబో గేమ్ నాలుగో వంతే అండీ. మిగతా మూడు వంతులు ఇన్నొవేషన్ ప్రాజెక్టు (ఒక సమస్యకి పిల్లలు కనిపెట్టిన పరిష్కారం), రోబో డిజైన్, కోర్ వేల్యూస్ (కలిసి పనిచేసే తీరు), అవి జడ్జింగ్ గదిలో తేలతాయి. అక్కడ కోచ్‌లు నోరు విప్పకూడదు. "ప్రోగ్రామ్‌లో ఈ బ్లాక్ ఎందుకు పెట్టారు" అని మేం అడిగితే పిల్లలు సీలింగ్ చూస్తారు, ఇంకోసారి అడిగితే "అంకుల్ పెట్టారు" అని చెప్పేస్తారు, పాపం వాళ్ళకి అబద్ధం రాదు. అదే "మొదట సెకన్లతో నడిపాం, బ్యాటరీ తగ్గితే ఆగే చోటు మారింది, అందుకే డిగ్రీలకి మార్చాం" అని ఒక్క ముక్క వాళ్ళ మాటల్లో వస్తే చాలు.

మీ ఫ్రెండ్‌ని వద్దనకండి, పని ఇవ్వండి. టేబుల్ చట్రానికి చెక్క కొయ్యమనండి. మా టీమ్‌లో మౌస్ ముట్టుకున్న పెద్దవాళ్ళు పిజ్జా డబ్బాలో డాలర్ వెయ్యాలి. సీజన్‌కి పదకొండు డాలర్లు వచ్చాయి, ఏడు నావే.

గుంటూరు_టీచర్:
మేం స్కూల్లో ఒక్క కిట్‌తోనే నెట్టుకొస్తున్నాం సార్, పోటీ వేరు గానీ కష్టం అదే. వరండాలో ఎండ వెలుతుర్లో నేర్పిన కలర్ సెన్సర్ హాల్లో ట్యూబ్‌లైట్ల కింద నల్లగీత గుర్తుపట్టలేదు. సెన్సర్ చుట్టూ నల్ల ముక్కలతో చిన్న గోడ కట్టి, అక్కడికి వెళ్ళగానే విలువలు మళ్ళీ కొలిచి పెట్టాం, అప్పుడు కుదిరింది.

ఫ్రిస్కో_నాన్న:
హబ్ సంగతి అక్షరాలా అదే! మా ఆరో గ్రేడ్ వాడు సోఫా దగ్గర ఆన్ చేసి ఊపుకుంటూ తెస్తున్నాడు. పీఐడీ కోడ్ పిల్లలే పక్కన పెట్టేసి పాతది బయటికి తీశారు, స్కోర్ 240కి పడింది గానీ ఇప్పుడు ఏ బ్లాక్ అడిగినా కొట్టుకుంటూ మరీ చెప్తున్నారు. అంకుల్‌కి చెక్క పని అప్పజెప్పాం, ఇప్పటికే డబ్బాలో రెండు డాలర్లు. శనివారం మళ్ళీ ఆ వేరే ఇంటికే వెళ్తున్నాం, తడిగుడ్డ గుర్తు చేయండి ఎవరైనా.