4 డిగ్రీల చలి, పొడి రోడ్డు, అయినా వెనక చక్రాలు జారాయి: తప్పు నాదా, టైర్లదా?

రెండుసీట్లబండి:
అందరికీ నమస్కారం. నాలుగు నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక రియర్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ పవర్ వెనక చక్రాలకే వెళ్లే) స్పోర్ట్స్ కారు కొన్నాను. దాదాపు 400 హార్స్‌పవర్. ఎండలున్నన్నాళ్లూ తోలాను, ఏ ఇబ్బందీ లేదు. నిన్న పొద్దున ఆరింటికి బయల్దేరితే డిస్‌ప్లేలో బయటి టెంపరేచర్ 4 డిగ్రీలు చూపించింది. రోడ్డు పొడిగానే ఉంది. పది నిమిషాలు నెమ్మదిగా పోనిచ్చి, ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చాకే రౌండబౌట్‌లోంచి బయటికొస్తూ సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ కాస్త నొక్కాను. అంతే, వెనక భాగం సర్రున పక్కకి జరిగింది. డాష్‌బోర్డు మీద పసుపు లైటు టపటపా కొట్టుకుంది, కారు తనంతట తానే సర్దుకుంది. నేను మాత్రం ఇంకా సర్దుకోలేదు.

ఇంకో సంగతి. స్టీరింగ్ చివరిదాకా తిప్పి పార్కింగ్‌లోంచి బయటికి తీస్తుంటే ముందు చక్రాలు టక్ టక్ మంటూ ఎగిరినట్టు అనిపిస్తోంది. సస్పెన్షన్ పోయిందా? ట్రెడ్, అంటే టైర్ మీది గాడుల లోతు, చూస్తే ఇంకా 5 మిల్లీమీటర్లు ఉంది.

పాతమెకానిక్:
ముందు టెన్షన్ తగ్గించుకోండి, బండికేమీ కాలేదు. టైర్ పక్కగోడ మీద రెండు విషయాలు చూసి చెప్పండి. ఒకటి, ట్రెడ్‌వేర్ అని రాసి పక్కన ఉండే అంకె. రెండోది, డాట్ అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర ఉండే నాలుగు అంకెలు. ఆ నాలుగింటిలో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. కోడ్ మొత్తం టైర్‌కి ఒక వైపే ఉంటుంది, కనబడకపోతే లోపలి వైపు టార్చ్ వేసి చూడండి.

రెండుసీట్లబండి:
ట్రెడ్‌వేర్ 180. చివరి అంకెలు 1419.

పాతమెకానిక్:
అంటే 2019లో 14వ వారం సరుకు. పైగా 180 అంటే మెత్తటి రబ్బరు, రేస్ ట్రాక్ కోసం తక్కువ గాడులతో చేసిన సెమీ స్లిక్ రకం. మీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

రబ్బరు రోడ్డుని పట్టుకోవాలంటే తారులోని సన్నటి గరుకులోకి దిగాలి. వెచ్చగా ఉంటే దిగుతుంది. చల్లారితే గట్టిపడి ఆ గరుకు పైపైనే ఆగుతుంది. మైనాన్ని వేడిగా ఉన్నప్పుడు నొక్కడానికీ, చల్లారాక నొక్కడానికీ ఎంత తేడానో అంత. సమ్మర్ టైర్లకి సుమారు 7 డిగ్రీలని ఒక హద్దు చెబుతారు. అక్కడ స్విచ్ ఆపినట్టు పట్టు పోదు, 12 దగ్గర్నుంచే మెల్లగా సన్నగిల్లుతుంది. సెమీ స్లిక్‌లకి ఇంకా ముందే. దానికి తోడు ఏళ్లు గడిచిన రబ్బరు మామూలుగానే బిగుసుకుపోతుంది. 5 మిల్లీమీటర్ల ట్రెడ్ మిగిలి ఉండటం నీళ్లు తోడెయ్యడానికి పనికొస్తుంది గానీ రబ్బరు మెత్తదనం గురించి ఏమీ చెప్పదు.

ట్రాక్‌డేపిచ్చి:
మీరు చేసిన పొరపాటు ఒక్కటే, ఇంజిన్ ముల్లుని నమ్మడం. అది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి, టైర్‌ది కాదు. టైర్ వేడెక్కేది తిరిగే ప్రతి చుట్టులో నలిగి, బ్రేకు వేసినప్పుడూ మలుపు తిరిగినప్పుడూ సాగి. చలిలో పది నిమిషాల నెమ్మది ప్రయాణం దానికి ఏ మూలకీ చాలదు. తిన్నగా హైవే మీద అరగంట వెళ్లినా గాలి కొట్టి చల్లారుస్తూనే ఉంటుంది.

చాలామందికి తట్టని విషయం ఇంకొకటి. ఊళ్లో తిరిగేటప్పుడు బ్రేకు భారం, స్టీరింగ్ భారం ఎక్కువగా ముందు టైర్లే మోస్తాయి. అవి ముందు వెచ్చబడతాయి. స్టీరింగ్ చేతికి బాగా పట్టు దొరికినట్టే అనిపిస్తుంది. వెనకున్న వెడల్పాటి టైర్లకి ఇంకా పనే పడలేదు, అవి చల్లగానే ఉన్నాయి. సరిగ్గా అప్పుడు మీరు పవర్ ఇచ్చారు.

రోజూహైవే:
మరి రేసుల్లో చేసినట్టు అటూ ఇటూ ఊపుతూ వెళ్తే వేడెక్కవా అన్నా?

ట్రాక్‌డేపిచ్చి:
రోడ్డు మీద ఆ పని చెయ్యొద్దు తమ్ముడూ. ఫార్ములా 1లో ఎలక్ట్రిక్ దుప్పట్లు చుట్టి 70 డిగ్రీల దాకా వేడిచేసిన టైర్లతో బయటికొచ్చి, ఆపైన ఊపుతారు. అయినా మొదటి ల్యాపులో జారుతుంటారు. చల్లటి టైర్‌ని ఊపితే ఉన్న కొద్దిపాటి పట్టునీ పరీక్ష పెట్టినట్టే.

నేను చలిలో తోలే పద్ధతి చెప్తాను. రౌండబౌట్‌లో రెండో గేరు బదులు మూడు, అప్పుడు చక్రానికి వెళ్లే టార్క్, అంటే తిప్పే బలం, తగ్గుతుంది. స్టీరింగ్ ఎంత తిన్నగా వస్తే యాక్సిలరేటర్ అంత, రెండిటికీ మధ్య దారం కట్టి ఉందనుకోండి. మలుపు మధ్యలో స్టీరింగ్ వెనకుండే ప్యాడిల్‌తో గేరు దించను. ఇంజిన్ బ్రేకింగ్ ఒక్క కుదుపుతో వెనక చక్రాల్ని వదిలించేస్తుంది. అక్కడే యాక్సిలరేటర్ మీంచి టక్కున కాలు తీసినా బరువు ముందుకు పోయి అదే గొడవ. ముందు బండికి మామూలుకంటే రెట్టింపు దూరం ఉంచుతాను. తడి రోడ్డు కోసం ఇచ్చే వెట్ మోడ్ ఉంటే పొడి రోడ్డు మీద కూడా వేసుకోండి, ఎవరూ నవ్వరు. ట్రాక్షన్ కంట్రోల్ మాత్రం ఆపొద్దు. నిన్న మిమ్మల్ని కాపాడింది అదే. కానీ అది పవర్ తగ్గించి ఏదో ఒక చక్రానికి బ్రేకు వెయ్యగలదు, లేని పట్టుని పుట్టించలేదు.

పాతమెకానిక్:
ఆ టక్ టక్ సంగతి. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు వృత్తాల్లో తిరగాలి. స్పోర్ట్స్ కార్ల స్టీరింగ్ అమరిక వేగంగా తిరిగే మలుపులకి అనువుగా ఉంటుంది కాబట్టి పార్కింగ్ వేగంలో ఆ కోణాలు సరిగ్గా కుదరవు. వెచ్చటి రబ్బరు ఆ తేడాని సాగి సర్దుకుంటుంది. చల్లటిది సాగదు, కొంచెం ఈడ్చుకుపోయి టక్కున వదిలేస్తుంది. స్టీరింగ్‌ని చివరి నుంచి కాస్త వెనక్కి తిప్పితే తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో కూడా వస్తుంటే, లేదా గతుకుల మీద కూడా వినిపిస్తుంటే, అప్పుడు బాల్ జాయింట్లు (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీళ్లు) చూపించండి.

గాలి ఎప్పుడు పట్టించారు?

రెండుసీట్లబండి:
బండి కొన్నప్పుడు. 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). అప్పుడు 32 డిగ్రీల ఎండ.

పాతమెకానిక్:
ప్రతి 5, 6 డిగ్రీల చలికి ఒక పీఎస్ఐ దిగుతుంది. ఏ లీకూ లేకపోయినా మీకు 31 దగ్గరుండాలి. పొద్దున్నే బండి కదపకముందు కొలిచి, డోర్ పక్క స్టిక్కర్ మీదున్న లెక్కకి పట్టించండి. గాలి తక్కువుంటే పట్టు పెరుగుతుందని ఎవరో చెబుతారు, వినకండి.

ఈ టైర్లు ఇక మార్చాల్సిందే. చలి మీ దగ్గర కొన్ని వారాలే ఉంటే మంచి ఆల్ సీజన్ రకం సరిపోతుంది, పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు గుర్తు ఉన్నవి చూసుకోండి. నెలల తరబడి ఉంటే వింటర్ టైర్లు. ఏవైనా నాలుగూ ఒకే రకం వెయ్యండి. ముందు వింటర్‌వి, వెనక సమ్మర్‌వి వేస్తే నిన్నటి రౌండబౌట్ రోజూ ఎదురవుతుంది. కొత్త టైర్లని మొదటి 300 కిలోమీటర్లు మెల్లగా తోలండి, పైపొర అరిగేదాకా అవీ జారతాయి.

రోజూహైవే:
నాది ఆల్ వీల్ డ్రైవ్, నాకీ బాధ లేదనుకుంటా?

ట్రాక్‌డేపిచ్చి:
బయల్దేరడానికి ఉండదు. ఆగడానికి ఉంటుంది. బ్రేకు వేస్తే మీకూ నాలుగు టైర్లే, ఆయనకీ నాలుగే.

రెండుసీట్లబండి:
అప్‌డేట్. ఈ పొద్దున కొలిస్తే ముందు 31, వెనక 29. పట్టించాను. మధ్యాహ్నం బండి ఎండలో నిలబెట్టాక స్టీరింగ్ చివరిదాకా తిప్పి చూశాను, టక్ టక్ లేదు. బాల్ జాయింట్ల ఖర్చు తప్పింది. ఆల్ సీజన్ టైర్లు నాలుగూ ఆర్డర్ పెట్టాను. వచ్చేదాకా బండి షెడ్డులోనే. ఒక్క డౌటు, రాత్రుళ్లు మైనస్ 10కి పోతోంది, షెడ్డులో కూడా అంతే చలి. ఫిట్టింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు ఫర్వాలేదా?

పాతమెకానిక్:
ఆ చలిలో కదపొద్దు. సెమీ స్లిక్ రబ్బరు గడ్డకట్టి ఉన్నప్పుడు బండి కదిలితే ట్రెడ్ దిమ్మెలు పగులుతాయి, తయారీదారులే హెచ్చరిస్తారు. మధ్యాహ్నం దాకా ఆగి, సున్నా దాటి నాలుగైదు డిగ్రీలకి వచ్చాక తియ్యండి. కుదరకపోతే చక్రాలు విప్పి వేరే బండిలో పట్టుకెళ్లండి.